డాలస్ మా కొండ వెనకాలే ఉంది

పోయినేడాది మా చెల్లెలికి నెలలు నిండుతున్నప్పుడు అమ్మని డాలస్ పంపించాలనుకున్నాం. వీసా వచ్చింది, టికెట్లు ఇంకా తీయలేదు. ఒకరోజు సాయంత్రం అమ్మ వరండాలో కూర్చుని కనకాంబరాలు కడుతూ, "ఏరా, అమ్మణ్ణి ఉండే ఊరు ఎంత దూరముంటాది? ఎన్ని గంటలు పడతాది?" అని అడిగింది. నేను ఫోన్‌లో చూసి ఉన్నదున్నట్టు చదివాను. తిరుపతి నుంచి డాలస్ 14,830 కిలోమీటర్లు, విమానంలో పదహారున్నర గంటలు.

"అంతేనా? రైల్లో హైదరాబాదుకే రాత్రంతా పడతాది కదరా" అంది. ఆ మాటతో ఆమె టెన్షన్ సగం తగ్గింది.

తీరా చూస్తే, అమ్మ మా ఇంటి గడప దాటినప్పటి నుంచి చెల్లెలి ఇంటి గడప తొక్కేదాకా 33 గంటలు పట్టింది. చెప్పినదానికి సరిగ్గా రెట్టింపు. ఫోన్ చెప్పింది తప్పు కాదు. కాకపోతే అది వేరే ప్రశ్నకి జవాబు. భూమి మీద ఈ రెండు ఊళ్ల మధ్య అతి దగ్గర దారి ఎంత, ఆ దారిలో గంటకి 900 కిలోమీటర్ల చొప్పున ఎక్కడా ఆగకుండా పోతే ఎంతసేపు అన్న లెక్క అది. 14,830ని 900తో భాగిస్తే పదహారున్నరే వస్తుంది. ఆ దారిన పోయే విమానమే లేదు. మన తిరుపతిలో, చిత్తూరులో పెద్దవాళ్లని మొదటిసారి అమెరికా పంపే ఇళ్లు ఇప్పుడు వీధికి నాలుగు ఉన్నాయి. వాళ్లందరికీ పనికొస్తుందని ఈ లెక్కని మొదటి నుంచి విప్పి రాస్తున్నాను.

పడమర కాదు, ఉత్తరం

అమ్మ రెండో ప్రశ్న ఇంకా మంచిది. "అమెరికా ఎటువైపురా? పడమరే కదా?"

గోడకి తగిలించే పటం చూస్తే ఎవరైనా అదే అంటారు. ఇండియా కుడివైపు, అమెరికా ఎడమవైపు, మధ్యలో అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం. స్కేలు పెట్టి గీస్తే గీత పడమరకే పోతుంది. అయితే ఆ పటం గుండ్రటి భూమిని సాగదీసి చదును చేసిన బొమ్మ. 1569లో మెర్కేటర్ అనే ఆయన ఓడలు నడిపేవాళ్ల కోసం అలాంటి పటం గీశాడు. దిక్సూచి ముల్లుని ఒకే కోణంలో పట్టుకుని పోయే నావికుడికి అది బంగారం లాంటిది. దూరాలు కొలవడానికి మాత్రం పనికిరాదు. ధ్రువాలకి దగ్గరయ్యే కొద్దీ అందులో అన్నీ ఉబ్బిపోతాయి. గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది.

అమ్మకి నోటితో చెప్పి లాభం లేదని, పండ్ల బుట్టలోంచి ఒక బత్తాయి తీశాను. తొడిమ ఉన్నచోటు ఉత్తర ధ్రువం అనుకోమన్నాను. నడుము మీదుగా పెన్నుతో భూమధ్యరేఖ గీశాను. దానికి కొంచెం పైన తిరుపతికి ఒక చుక్క, కాయ తిప్పి దాదాపు సరిగ్గా అవతలి వైపు, ఇంకాస్త పైన డాలస్‌కి ఒక చుక్క. అమ్మ పూలు కట్టే దారమే తీసుకుని రెండు చుక్కల మీద రెండు కొసలు పెట్టి బిగించి లాగమన్నాను. నడుము చుట్టూ తిప్పి పెడితే దారం వదులుగా ఉండి పైకి జారుతోంది. జారిజారి తొడిమ పక్కకి వచ్చి బిగుసుకుంది. అంతకంటే పొట్టి దారి లేదు. అమ్మ కాయని అటూ ఇటూ తిప్పి మళ్లీ ఒకసారి లాగి చూసింది. "పైనుంచి పోవాలన్నమాట" అంది.

కాగితం మీద కూడా ఇది సులువే, చేసి చూడండి. తిరుపతి 79.4 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పడమటి రేఖాంశం మీద. రెండూ కలిపితే 176.4. సరిగ్గా 180 అయితే రెండు ఊళ్లూ భూమికి ఎదురెదురు పక్కల ఉన్నట్టు. మూడున్నర డిగ్రీలే తక్కువ కాబట్టి, ధ్రువం మీదుగా పోయే దారికీ అతి దగ్గర దారికీ తేడా లేనట్టే. ఇక ఉత్తర దక్షిణాలుగా ఒక్కో డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. తిరుపతి 13.6 డిగ్రీల దగ్గర ఉంది, అక్కణ్ణుంచి ధ్రువానికి 76.4 డిగ్రీలు, అంటే 8,480 కిలోమీటర్లు. ధ్రువం నుంచి డాలస్‌కి కిందికి 57.1 డిగ్రీలు, అంటే 6,338. కూడితే 14,818. పెద్ద గణితం ఏమీ లేకుండా ఫోన్ చెప్పిన అంకె దగ్గరికి వచ్చేశాం. అదే పటంలో స్కేలు గీతలా పడమర పట్టుకుని పోతే దాదాపు 18,000 కిలోమీటర్లు అవుతుంది. మూడు వేలకి పైగా వృథా.

తిరుపతి రైల్వే స్టేషన్ ముందు నిలబడి కపిలతీర్థం వైపు చూస్తే కొండలు గోడలా అడ్డంగా కనిపిస్తాయి. అది ఉత్తరం. ఆ చూపుని నాలుగు డిగ్రీలు, అంటే ఒక బొటనవేలు చాచి పట్టుకుంటే కప్పేదానికి రెట్టింపు, ఎడమకి జరిపితే అదే డాలస్ దిక్కు. ఆ గీత మన కొండలు దాటి, నాగ్‌పూర్, ఆగ్రాల పక్కగా పోయి, హిమాలయాలు, లద్దాఖ్, మధ్య ఆసియా, సైబీరియా దాటి, మంచు సముద్రం మీద ధ్రువానికి నాలుగు డిగ్రీల దూరం దాకా ఎక్కి, అక్కణ్ణుంచి కెనడా మీదుగా టెక్సాస్‌లోకి దిగుతుంది. ఇన్నేళ్లుగా ఈ కొండల కింద ఉంటున్నాను. వాటి వెనకాల ఎవరుంటారని ఎప్పుడూ ఆలోచించలేదు.

మరి ఆ గీత మీద ఎందుకు పోరు?

విమానానికి చేతకాక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్ల పైచిలుకు దూరం ఆగకుండా పద్దెనిమిది గంటలకి పైగా ఎగిరే సర్వీసు నడుస్తోంది. తిరుపతి–డాలస్ దూరం దానికంటే తక్కువే. మొదటి అడ్డంకి జనం. రేణిగుంట విమానాశ్రయంలో రోజూ డాలస్ ఎక్కేవాళ్లు ఒక పెద్ద విమానానికి సరిపడా ఉండరు. మన విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ 2015 అక్టోబరులో మొదలైంది, 2017లో అంతర్జాతీయ హోదా కూడా వచ్చింది. అయినా అమెరికా ప్రయాణమంటే మనవాళ్లు చెన్నైకో, హైదరాబాదుకో, చిత్తూరు వాళ్లయితే పలమనేరు, కోలారు మీదుగా బెంగళూరుకో పోవాల్సిందే. అక్కడికి చేరినా, నాలుగైదు ఊళ్ల జనాన్ని ఒకచోట పోగేసి పంపే దుబాయ్, దోహా, లండన్ లాంటి చోట దిగి విమానం మారాలి. చిన్న ఊరి బస్సులు మండల కేంద్రానికి వచ్చి, అక్కణ్ణుంచి పెద్ద బస్సు పట్నానికి పోయినట్టే.

రెండోది బరువు. దూరం పెరిగే కొద్దీ ఇంధనం ఎక్కువ కావాలి. ఆ ఇంధనాన్ని మోయడానికి మళ్లీ ఇంధనం కావాలి. పదహారు గంటలు ఎగిరే విమానం మొదటి సగంలో తగలబెట్టేదాంట్లో కొంత భాగం, రెండో సగానికి కావలసిన ఇంధనాన్ని మోయడానికే పోతుంది. అందుకే మధ్యలో ఒకచోట దిగి నింపుకునే ప్రయాణం చాలాసార్లు చౌక. టికెట్ ధరలో ఆ తేడా మనకీ కనిపిస్తుంది.

మూడోది నేల. మన గీత లద్దాఖ్ దగ్గర టిబెట్ పీఠభూమి పడమటి కొస మీదుగా పోతోంది. విమానం లోపల గాలి ఒత్తిడి ఏ కారణంగానైనా పడిపోతే, పైనుంచి ఆక్సిజన్ మాస్కులు వేలాడతాయి. విమానం ఎక్కగానే చేతులూపి చూపిస్తారే, అవే. చాలా విమానాల్లో వాటిలో ఆక్సిజన్ వచ్చేది ఓ పావుగంట సేపే. ఆలోగా పైలట్ విమానాన్ని మూడు కిలోమీటర్ల ఎత్తుకి దించాలి. అక్కడైతే మాస్కు లేకుండా ఊపిరి ఆడుతుంది. టిబెట్‌లో నేలే సగటున నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తులో ఉంది. ఇక దిగేదెక్కడికి? అందుకే మామూలుగా విమానాలు ఆ పీఠభూమిని చుట్టుకునే పోతాయి.

ధ్రువం దగ్గర ఇంకో రకం ఇబ్బంది. ఇప్పటి దూర ప్రయాణపు విమానాల్లో ఎక్కువ వాటికి రెండే ఇంజన్లు. ఒకటి ఆగిపోతే రెండోదాంతో ఇన్ని నిమిషాల్లో ఫలానా చోట దిగగలం అని ముందే చూపించాలి. మంచు సముద్రం మీద అలాంటి చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైగా విమాన ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. ఆ ఎత్తులో గాలి అంతకంటే చల్లగా ఉండే రోజులుంటాయి. ట్యాంకుల్లో వేడి ఎంతుందో పైలట్లు కనిపెట్టుకుంటూ, అవసరమైతే కిందికి దిగడమో వేగం పెంచడమో చేస్తారు.

ఇవన్నీ ఉన్నా ఆ దారిన పోయినవాళ్లు ఉన్నారు. 2021 జనవరిలో ఎయిరిండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి నేరుగా మొదటి విమానం నడిపింది. సుమారు 14,000 కిలోమీటర్లు, 17 గంటలకి పైగా, ఉత్తర ధ్రువం మీదుగా. నడిపిన పైలట్లందరూ ఆడవాళ్లే. కెప్టెన్ జోయా అగర్వాల్ ముందుండి నడిపారు, ఆ జట్టులో పాపగారి తన్మయి కూడా ఉన్నారు. తన్మయి పేరు విని అమ్మ, "మన పేరేరా!" అని రెండుసార్లు అంది. అమెరికాకి ఒంటరిగా పోవడానికి నేను ఇచ్చిన ధైర్యం కంటే ఆ పేరు ఇచ్చిన ధైర్యమే ఎక్కువ.

ఇక నాలుగోది, మనుషులు పెట్టుకున్న అడ్డం. ఆకాశంలో కూడా సరిహద్దులు ఉంటాయి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా మీదుగా అమెరికా, ఐరోపా సంస్థల విమానాలు పోవడం ఆగిపోయింది. బాలాకోట్ మీద మన వాయుసేన దాడి తర్వాత 2019లో ఫిబ్రవరి చివరి నుంచి జులై మధ్య దాకా పాకిస్తాన్ తన ఆకాశం మూసింది. 2025 ఏప్రిల్‌లో మన విమానాలకి మళ్లీ మూసింది. అప్పుడు ఢిల్లీ నుంచి అమెరికా పోయే కొన్ని విమానాలు చుట్టు తిరిగి, మధ్యలో ఐరోపాలో దిగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది. అంటే ఊళ్లు కదల్లేదు, విమానం మారలేదు, ప్రయాణం మాత్రం గంటలకొద్దీ పెరిగింది. మన జిల్లాలోనే చూడండి, శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు ఆ చుట్టుపక్కల ఆకాశాన్ని కొన్ని గంటలు మూసేస్తారు. ఆ సమయానికి అటు పోవాల్సిన విమానం పక్కకి తప్పుకోవాలి.

ఇన్ని చుట్లు తిరిగినా అదనంగా ఎంత దూరం పోతున్నాం? నేను ఎక్కువ అనుకున్నాను, తక్కువే. చెన్నై నుంచి దుబాయ్ 2,930 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి డాలస్ 12,930. మొత్తం 15,860. చెన్నై నుంచి లండన్ మీదుగా పోయినా 8,230, 7,620 కలిపి దాదాపు అంతే. నేరుగా ఉన్న దూరం కంటే వెయ్యి కిలోమీటర్ల చిల్లర. దుబాయ్ పడమర, లండన్ వాయవ్యం, రెండూ ఎక్కడెక్కడో ఉన్నట్టుంటాయి. దారం పెట్టి చూస్తే రెండూ దారికి పెద్ద దూరంగా లేవు. జపాన్ మీదుగా తూర్పుకి తిరిగి పోతే 16,800 దాకా అవుతుంది.

కాబట్టి 33 గంటలకి దోషం దూరానిది కాదు. అలిపిరి మెట్ల దారి తొమ్మిది కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు దానికి రెట్టింపు. అయినా బస్సులో పోయినవాళ్లు ముక్కాలు గంటలో పైన ఉంటారు, మెట్లెక్కినవాళ్లకి మూడు నాలుగు గంటలు. దూరం ఒక లెక్క, సమయం ఇంకో లెక్క అని తిరుపతివాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

పోయేటప్పుడు పదహారు, వచ్చేటప్పుడు పద్నాలుగున్నర

టికెట్ చూస్తే దుబాయ్ నుంచి డాలస్‌కి దాదాపు 16 గంటలు, డాలస్ నుంచి దుబాయ్‌కి పద్నాలుగున్నర ఉంది. దూరం ఒకటే. మా పక్కింటి పెద్దాయన దీనికి ఒక కారణం చెప్పారు, మీరూ వినే ఉంటారు. భూమి తిరుగుతోంది కాబట్టి ఒకవైపు పోతే ఊరు ఎదురొస్తుంది, ఇంకోవైపు పోతే దూరం జరుగుతుంది అని.

వినడానికి బాగుంది, కానీ ఆ లెక్కన జరగాల్సింది తలకిందులు. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది. తిరుపతి దగ్గర నేల గంటకి 1,620 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి జరుగుతోంది. పడమరకి పోయే విమానానికి ఊరు ఎదురొచ్చి త్వరగా చేరాలి. ఆమాటకొస్తే అసలు ఎగరకుండా పైన గాలిలో ఆగి నిలబడితే చాలు, పదకొండు, పన్నెండు గంటల్లో అమెరికా కాళ్ల కిందికి రావాలి. రాదు. ఎందుకంటే గాలి కూడా భూమితో పాటే తిరుగుతోంది. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో నిలబడి పైకి ఎగిరి చూడండి, అదే సీటు పక్కన దిగుతారు. రైలు మిమ్మల్ని వదిలేసి ముందుకి పోదు.

అయితే రాకెట్‌కి మాత్రం ఆ తిరుగుడు కలిసొస్తుంది. రాకెట్ గాలిని దాటి పోతుంది, అది అందుకోవాల్సిన వేగం భూమి కేంద్రాన్ని బట్టి కొలిచేది. నేల ముందే ఇచ్చిన 1,600 కిలోమీటర్ల తోపు ఉచితంగా దొరుకుతుంది. భూమధ్యరేఖకి దగ్గరగా, తూర్పున సముద్రం ఉన్న శ్రీహరికోటని ఎంచుకోవడానికి అదొక ముఖ్య కారణం. విమానం మాత్రం మొదటి నుంచి చివరిదాకా గాలినే నమ్ముకుంది. దానికి తేడా వచ్చేది కూడా గాలి వల్లే.

విమానాలు ఎగిరే ఎత్తులో, తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల మధ్య, పడమర నుంచి తూర్పుకి గాలి ఏరులా పారుతుంటుంది. చలికాలంలో అది గంటకి 200, 300 కిలోమీటర్లు కూడా దాటుతుంది. 1920లలో జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసబురో ఓయిషి బెలూన్లు వదిలి దీన్ని కొలిచారు. ప్రపంచమంతా చదవాలని 1926లో తన నివేదికని ఎస్పరాంటోలో రాశారు, అన్ని దేశాలవాళ్లకీ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన భాష అది. ఆ భాష వచ్చినవాళ్లు ఎంతమంది? జపాన్ బయట దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1944లో జపాన్ మీదికి వెళ్లిన అమెరికా బాంబర్లు ఆ గాలిలో చిక్కుకుని బాంబులు గురి తప్పాకే ప్రపంచానికి అర్థమైంది. ఎంతో కష్టపడి కనుక్కున్న విషయం చదివే భాషలో లేక మరుగున పడిపోవడం నన్ను చాలా బాధపెట్టింది.

ఆ గాలి వెనక నుంచి తోస్తే ఏమవుతుందో 2024 ఫిబ్రవరిలో కనిపించింది. వాషింగ్టన్ నుంచి లండన్ పోతున్న ఒక మామూలు ప్రయాణికుల విమానం నేలని బట్టి చూస్తే గంటకి 800 మైళ్లు దాటింది, అంటే దాదాపు 1,290 కిలోమీటర్లు. శబ్దవేగాన్ని మించిన అంకె. గాలిని బట్టి చూస్తే మాత్రం దాని వేగం ఎప్పటిదే, అందుకే లోపల కూర్చున్నవాళ్లకి ఏ తేడా తెలియదు. ఎదురుగాలి సగటున 50 కిలోమీటర్లు ఉంటే 900 కాస్తా 850 అవుతుంది, వెనక గాలి అయితే 950. 12,930ని ఈ రెండింటితో భాగిస్తే 15.2, 13.6 వస్తాయి. తేడా గంటన్నర పైనే. ఎక్కడానికి, దిగడానికి, రన్‌వే దాకా పాకడానికి ఇంకో ముప్పావు గంట కలిపితే టికెట్ మీది అంకెలే. గాలి ప్రతిరోజూ మారుతుంది కాబట్టి విమానం పట్టే దారి కూడా ప్రతిరోజూ మారుతుంది. ఒక్కోసారి దూరం ఎక్కువైనా గాలి అనుకూలించే దారినే పోతారు. సీటు ముందు తెరమీద గీత వంకర టింకరగా కనిపిస్తే పైలట్ దారి తప్పాడని భయపడక్కర్లేదని అమ్మకి ముందే చెప్పి పంపాను.

ముప్పై నాలుగున్నర గంటల శనివారం

అందరూ తడబడేది ఇక్కడే. అమ్మ టికెట్ మీద ఇలా ఉంది. చెన్నైలో శనివారం ఉదయం 4:00కి బయలుదేరడం, డాలస్‌లో శనివారం సాయంత్రం 4:45కి చేరడం. చూడగానే పన్నెండు ముప్పావు గంటల ప్రయాణం అనిపిస్తుంది. ప్రతి ఊరి సమయం ఆ ఊరి గడియారానిది కాబట్టి ఆ రెండు అంకెల్ని నేరుగా తీసివేయకూడదు. నేను చేసే పద్ధతి ఒకటే. దారిలో ఎన్ని ఊళ్లొచ్చినా అన్నింటినీ మన గడియారంలోకి మార్చేస్తాను. డాలస్ మనకంటే ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. దుబాయ్ ఎప్పుడూ గంటన్నర వెనక. అక్కడి శనివారం సాయంత్రం 4:45 జూన్‌లో మనకి ఆదివారం తెల్లవారుజామున 3:15. శనివారం 4:00 నుంచి ఆదివారం 3:15, అంటే 23 గంటల 15 నిమిషాలు. ఇది అసలు లెక్క.

అమ్మ శనివారాలు స్వామికి ఒంటిపూట ఉంటుంది. ఆ శనివారం చెన్నై విమానాశ్రయంలో అర్ధరాత్రి మొదలై, దుబాయ్ దాటి, డాలస్‌లో అర్ధరాత్రి దాకా సాగింది. 24కి పదిన్నర కలిపి ముప్పై నాలుగున్నర గంటలు. దుబాయ్‌లో ఒక్కపూట తినేసింది. విమానంలో రెండుసార్లు భోజనం తెచ్చినా వద్దంది. చెల్లెలి ఇంటికి చేరాక, "ఆదివారం వచ్చుంటాది కదా, అన్నం పెట్టు" అంటే, చెల్లెలు కిటికీలోంచి ఎండ చూపించి "ఇంకా శనివారం సాయంత్రమే అమ్మా" అందట. పాలు తాగి పడుకుంది. నాకు ముందే తట్టి ఉంటే తిరుపతి గడియారం ప్రకారం తినమని చెప్పేవాణ్ణి. షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు ఉంటే ఈ సంగతి డాక్టర్‌ని ముందే అడిగి, ఏ గంటకి ఏ మాత్రో మన సమయం ప్రకారం కాగితం మీద రాయించుకోండి. ఇది చిన్న విషయం కాదు.

నవంబరు చివర్లో వెనక్కి వచ్చింది. డాలస్‌లో శుక్రవారం సాయంత్రం 7:00కి ఎక్కి, చెన్నైలో ఆదివారం 3:30కి దిగింది. ఈసారి శనివారం పన్నెండున్నర గంటలే. పోయేటప్పటి ముప్పై నాలుగున్నరకి ఇది కలిపితే 48 రావాలి, రెండు శనివారాలు కదా. 47 వస్తోంది. ఆ ఒక్క గంట ఎటు పోయిందని నేను చాలాసేపు వెతికాను. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకి జరిపి, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి జరుపుతారు. అమ్మ అక్కడున్న ఆ నవంబరు ఆదివారానికి 25 గంటలు. పోయిన గంట అక్కడ దొరికింది. మనకి ఈ అలవాటు లేదు కాబట్టి, వేసవిలో వేసుకున్న లెక్కనే చలికాలంలో వాడితే సరిగ్గా గంట తప్పుతాం.

ఇంటి నుంచి ఇంటికి

ఇప్పుడు 33 గంటలు ఎలా అయ్యాయో చూడండి. తిరుపతి నుంచి చెన్నై విమానాశ్రయం గీత గీస్తే 108 కిలోమీటర్లు, పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా రోడ్డు సుమారు 140. కారులో మూడు గంటలు. అక్కడ నాలుగు గంటల ముందే ఉన్నాం. దుబాయ్ దాకా నాలుగుంపావు, దుబాయ్‌లో ఆగింది మూడు గంటలు, డాలస్ దాకా పదహారు, దిగాక ఇమిగ్రేషన్, సామాను కలిపి రెండు గంటలు, చెల్లెలి ఇంటికి ముప్పావు గంట. గాలిలో ఉన్నది ఇరవై గంటలు, నేల మీద పదమూడు. ఫోన్ లెక్కలో ఈ పదమూడు అసలు లేవు. పెద్దవాళ్లని అలసగొట్టేవి ఇవే.

అందుకే టికెట్ తీసేటప్పుడు మొత్తం గంటల కంటే మధ్యలో ఆగే సమయం మీద నేను పట్టుబట్టాను. ఒక ఏజెంట్ 70 నిమిషాల్లో విమానం మారే టికెట్ చూపించి, "నాలుగు గంటలు కలిసొస్తాయి, ధర కూడా తక్కువ" అన్నాడు. మొదటి విమానం అరగంట ఆలస్యమైతే, ఇంగ్లిష్ రాని మనిషి అంత పెద్ద విమానాశ్రయంలో గేటు వెతుక్కుంటూ పరిగెత్తాలి. వద్దన్నాను. మూడు గంటలు ఉండాలి, వీల్‌చైర్ సాయం టికెట్‌తో పాటే రాయించాలి. కాళ్లు బాగున్నవాళ్లకి కూడా ఇది మేలు, తోసుకెళ్లే మనిషే గేటు దాకా చేరుస్తాడు. ఇంకొకటి, అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్, అక్కడే సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి. డాలస్‌కి నేరుగా పోయే విమానమైతే దిగిన చోటే బిడ్డ ఎదురుగా ఉంటుంది. న్యూయార్క్‌లోనో షికాగోలోనో మారే టికెట్ అయితే ఆ పనంతా ఒంటరిగా చేసుకోవాలి. అబుదాబి మీదుగా పోతే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే పూర్తవుతుంది, అది మాత్రం సుఖం.

వచ్చేటప్పుడు జరిగిన తప్పు మాత్రం నాదే, దాన్ని దాచను. చెన్నైలో ఆదివారం 3:30 అని నాకు తెలుసు. కారుకి ఆదివారం రాత్రికి చెప్పాను. మన ఇళ్లలో రోజంటే పొద్దు పొడవడంతో మొదలు. పంచాంగంలో వారం మారేది సూర్యోదయంతోనే. తెల్లవారుజామున మూడున్నరని మనం ఎప్పుడూ ముందురోజు రాత్రి కిందే లెక్కేస్తాం. విమానాల రోజు అర్ధరాత్రికే మారిపోతుంది. ఇన్ని లెక్కలు వేసినవాణ్ణి అక్కడ జారిపోయాను. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి ఫోన్ మోగింది. ఎవరిదో నంబరు. "దిగినాను నాయనా, యాడున్నావు?" అంది అమ్మ. నేను మంచం మీద ఉన్నాను.

చేరేసరికి ఎనిమిది. బయట స్తంభం పక్కన సామాను బండి మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. స్వెట్టర్ కూడా విప్పలేదు, ఫోన్ ఇచ్చిన అమ్మాయి వెళ్లిపోయి చాలాసేపయిందట. ఒక్క మాట అనలేదు. కారెక్కాక తిరుత్తణి దగ్గర టీ తాగుతూ, "నీ లెక్క తప్పు కాదులేరా. నేను దిగేటప్పటికి పొద్దు పొడవలేదు, ఇంకా శనివారమే" అంది.

ఈ ఏప్రిల్‌లో చెల్లెలు పాపని తీసుకుని వస్తోంది. టికెట్ మీద 11వ తేదీ 02:55 అని ఉంది. అమ్మ క్యాలెండర్ తెచ్చి నా ముందు పెట్టి, ఏ గడిలో రాయాలో చూపించమంది. 10వ తేదీ గడిలో, రాహుకాలం అంకెల కింద, తన చేత్తోనే రాసుకుంది: రాత్రి 9, కారు.